బాక్సు ముందా, కేబుల్ ముందా?

గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేటల్లో కింద ఆఫీసు, పైన కాపురం ఉన్న ఇళ్లు చాలానే కనిపిస్తాయి. ఆడిటర్లు, డాక్టర్లు, ప్లీడర్లు ఎంతోమందిది అదే ఏర్పాటు. వీధిలోంచి వచ్చిన ఒక్క ఫైబర్ కనెక్షన్ కింద ఉద్యోగుల కంప్యూటర్లకూ, పైన పిల్లల చదువులకూ, టీవీకీ సరిపోవాలి. అలాంటి ఒక ఇంట్లో ఆడిటర్‌గారికీ, నెట్‌వర్క్ కేబులింగ్ పనులు చేయించే ఆయన బావమరిదికీ వైఫై దగ్గర మాట తేడా వచ్చింది. ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండుమూడు యూనిట్ల మంచి మెష్ సెట్టు ఒకటి కొని, ఒక్కో యూనిట్‌ను ఒక్కో చోట పెడితే పని అయిపోతుందని ఆడిటర్‌గారి వాదన. ముందు కేబుల్ లాగాలి, బాక్సు సంగతి ఆ తర్వాతేనని బావమరిది వాదన. రెండు వైపులా బలముంది. వైఫై కోసం డబ్బు పెట్టబోయే ఎవరికైనా ఈ వాదన పనికొస్తుంది.

ఇల్లు పాతికేళ్ల కిందటిది. బయటి గోడలు తొమ్మిదంగుళాలు, లోపలివి నాలుగున్నర. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు వీధి గుమ్మం పక్కన, తమకు వీలైన చోట బాక్సు బిగించి వెళ్లారు. పై అంతస్తులో వెనక పడగ్గది నుంచి ఆడిటర్‌గారి భార్య సాయంత్రాలు ఆన్‌లైన్‌లో లెక్కల పాఠాలు చెబుతారు. బాక్సుకూ ఆ గదికీ మధ్య రెండు గోడలు, ఒక స్లాబు, ఒక ఇనప బీరువా ఉన్నాయి. పాఠం మధ్యలో ఆవిడ గొంతు తెగిపోతోంది. గొడవ అక్కడ మొదలైంది.

"పెట్టె మీద చూడు, ఏఎక్స్3000 అని ఉంది," అన్నారు ఆడిటర్‌గారు. "మన ప్లాను 300 ఎంబీపీఎస్. దానికి పదింతలు మోసే సెట్టు, మూడు యూనిట్లు. యాప్‌లో అరగంట పని. నువ్వేమో గోడలు తొలిపించి, ఆఫీసు మూయించి, కేబుళ్లు లాగుతానంటున్నావు."

"ఆ 3000 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం బావా, లెక్కలు మీ పనే కదా. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 2402, 2.4 గిగాహెర్ట్జ్‌లో 574. కలిపితే 2976. దాన్ని 3000 చేసి పెట్టె మీద వేశారు. మీ ఫోను ఒకసారికి ఒక్క బ్యాండులోనే ఉంటుంది కాబట్టి ఆ మొత్తం దానికి ఎప్పుడూ అందదు. 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్ పట్టుకోగల పరికరానికే. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగుతాయి, వాటికి 1201. అది గాలిలో రెండు రేడియోలు ఒప్పుకున్న లింకు వేగం. ఫైలు దిగే వేగం అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులు. అదీ రూటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే."

"మూడింట రెండు వంతులంటే 800. మనకు కావలసింది 300. ఇంకా మిగులే."

"ఆ గదిలో మిగులే. అక్క కూర్చునేది ఆ గదిలో కాదు."

పెట్టె మీది అంకెతో పాటు వెనక పోర్టులు కూడా చూడాలని బావమరిది పట్టుబట్టాడు. టీపీ లింక్ ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 రెండింటి మీదా ఏసీ1200 అనే ఉంటుంది. కానీ సీ50కి ఉన్నవి 100 ఎంబీపీఎస్ పోర్టులు, సీ6కి గిగాబిట్ పోర్టులు. 300 ప్లాను తీసుకున్నవాడు మొదటిది కొంటే, ఇంటర్నెట్ లోపలికి వచ్చే ద్వారం దగ్గరే 95 లోపు ఆగిపోతుంది. గోడలదాకా వెళ్లే పని కూడా ఉండదు. కొనేవాళ్లలో ఎక్కువమంది యాంటెన్నాలు ఎన్నో లెక్కపెడతారు. ఈ పోర్టు సంగతి దుకాణంలో అడిగేవాళ్లు తక్కువ.

ఆడిటర్‌గారు వెనక్కి తగ్గలేదు. "అలాగైతే వైఫై 7 కొందాం. అన్నిటికన్నా కొత్తది. ఇప్పుడు నాలుగు డబ్బులు ఎక్కువైనా పదేళ్లు చూసుకోనక్కర్లేదు."

ఇక్కడ బావమరిది కాస్త ఓపిగ్గా చెప్పవలసి వచ్చింది. 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణం 802.11 వేగం 2 ఎంబీపీఎస్. ఆ తర్వాతి ప్రమాణాల పేర్ల చివరి అక్షరాలు జనానికి అర్థం కావడం లేదని 2018లో వైఫై అలయన్స్ వాటికి 4, 5, 6 అని నంబర్లు పెట్టింది. వైఫై 7 పరికరాలకు సర్టిఫికెట్లు ఇవ్వడం 2024 జనవరిలో మొదలైంది. దాని ప్రచారంలో ముందు కనిపించేది 320 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్. అంత వెడల్పు ఛానెల్‌కు 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో తప్ప చోటు లేదు.

"అమెరికా 2020 ఏప్రిల్‌లో ఆ బ్యాండులో 1200 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. మన దేశంలో 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్ తెరిచారు. 6 విషయంలో ముసాయిదా నిబంధనలు వచ్చిందే 2025 మేలో. అందులోనూ కింది 500 మెగాహెర్ట్జ్ వరకే. ఒకదాని మీద ఒకటి పడకుండా 320 ఛానెల్ ఒక్కటే పడుతుంది. పైగా మన షాపుల్లో తక్కువ ధరకు దొరికే వైఫై 7 రూటర్లు చాలావాటిలో 6 గిగాహెర్ట్జ్ రేడియోనే ఉండదు, రెండు బ్యాండులే. ఇక 4096 క్వామ్ అనే రెండో గొప్ప ఉంది. ముందటి తరం కన్నా 20 శాతం వేగం పెంచుతుంది. కానీ సిగ్నల్ చాలా శుభ్రంగా ఉండాలి. అంటే రూటర్ ఎదురుగా కూర్చోవాలి. రెండు బ్యాండులను ఒకేసారి వాడుకునే ఎంఎల్ఓ మాత్రం మంచి సంగతే, అయితే ఫోనూ ల్యాప్‌టాపూ కూడా వైఫై 7వి అయి ఉండాలి."

"అంటే పాత వైఫై 5 సామానే చాలంటావా?"

"లేదు బావా. ఇవాళ కొనేవాళ్లు వైఫై 6కి తక్కువ కొనొద్దు. ఒకే ఛానెల్‌లో నాలుగైదు పరికరాలకు ఒకేసారి పంపే పద్ధతి అందులో వచ్చింది. డబ్ల్యూపీఏ3 భద్రత ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇంకా చాలాకాలం వస్తాయి. మీ మాటలో అంతవరకు న్యాయముంది. నేను కాదనేది ఒక్కటే. కొత్త బాక్సు కొన్నంత మాత్రాన స్లాబు పల్చబడదు."

యూట్యూబ్ రివ్యూల మాట ఎత్తారు ఆడిటర్‌గారు. మూడంతస్తుల ఇల్లు, కింద నేలమాళిగ, పెరడు, అన్నిచోట్లా నాలుగైదు వందల వేగం. కళ్లతో చూశానంటారు.

ఆ ఇళ్లు ఎలా కడతారో చూడమన్నాడు బావమరిది. ఇంగ్లిష్ రివ్యూల్లో ఎక్కువభాగం అమెరికా ఇళ్లలో చేసినవి. అక్కడ చాలా ఇళ్లకు చెక్క చట్రం, దాని మీద జిప్సం బోర్డు. అంతస్తుల మధ్య కూడా చెక్కే. మన దగ్గర ఇటుక గోడ, సిమెంటు పూత, ఇనప ఊచలతో పోసిన స్లాబు. సిగ్నల్ బలాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మూడు తగ్గితే సగం, పది తగ్గితే పదో వంతు, ఇరవై తగ్గితే నూరో వంతు మిగులుతుంది. అడ్డేమీ లేకపోయినా, అదే దూరంలో 2.4 కన్నా 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సుమారు ఆరు డెసిబెల్స్ తక్కువగా చేరుతుంది. మధ్యలో గోడ వస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. స్లాబు వస్తే చెప్పనే అక్కర్లేదు. బీరువా, పెద్ద అద్దం, చేపల తొట్టి అడ్డుంటే వాటి వెనక ఉన్నవారి పని అంతే.

"2.4 దూరం పోతుందిగా మరి?"

"పోతుంది. పక్కింటివాళ్లదీ మన ఇంట్లోకి వస్తుంది. ఆ బ్యాండులో ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్లు మూడే, 1, 6, 11. వీధిలో ఉన్న రూటర్లన్నీ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే తిరుగుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది."

ఆడిటర్‌గారి ముఖం వెలిగింది. "ఇంకేం, నువ్వే నా వాదన నిరూపించావు. గోడలు అడ్డమనే కదా మెష్ కనిపెట్టింది. కింద ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, పైన ఒకటి."

మెష్ ఇళ్లలోకి వచ్చిన కథ ఇక్కడ ఉపయోగపడుతుంది. 2016లో ఈరో, నెట్‌గేర్ ఆర్బీ, గూగుల్ వైఫై ఒకదాని వెంట ఒకటి బజారులోకి వచ్చాయి. వాటికి ముందు వాడిన రిపీటర్లతో జనం విసిగిపోయి ఉన్నారు. రిపీటర్‌కు వేరే పేరు, వేరే పాస్‌వర్డు, ఫోను ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకోదు. మెష్ ఆ చిక్కులు చాలావరకు తీర్చింది. ఇంటికంతా ఒకే పేరు, ఒకే యాప్. కానీ రేడియో ధర్మాన్ని అది మార్చలేదు.

"వైఫై ఛానెల్ అంటే నలుగురు కూర్చున్న గది లాంటిది బావా. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. మెట్ల దగ్గర యూనిట్ కింది నుంచి ఒక మాట వినాలి, మళ్లీ అదే మాట పైకి చెప్పాలి. వినడానికీ చెప్పడానికీ ఒకే రేడియో అయితే సమయం రెండింతలు, వేగం సగం. పైనున్న మూడో యూనిట్ దాకా వెళ్లేసరికి అందులో మళ్లీ కోత. అసలు మెట్ల దగ్గర యూనిట్‌కే కింది నుంచి అరకొర సిగ్నల్ అందిందనుకోండి, అది బలంగా పంచేది ఆ అరకొరనే. ఫోనులో గీతలు నాలుగూ ఉంటాయి. అక్క గొంతు అలాగే తెగుతుంది."

"ట్రైబ్యాండ్ మెష్‌లో యూనిట్లు తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే రేడియో ఉంటుందట. అప్పుడు నీ సగం లెక్క నిలవదు."

"నిలవదు, ఒప్పుకుంటాను. మెట్లు తెరిచి ఉండి, యూనిట్లు ఒకదానికొకటి కనబడేలా పెట్టగలిగితే ట్రైబ్యాండ్ మెష్ చక్కగా పనిచేస్తుంది. నేను చెప్పేది ఈ ఇంటి గురించి. ఇక్కడ మెట్లు బయట ఉన్నాయి."

ఆడిటర్‌గారు తన అసలు బలం అప్పుడు చూపించారు. "సరే, నీ దారికే వద్దాం. నీ సీలింగ్ యాక్సెస్ పాయింట్లు, స్విచ్చి, కంట్రోలర్, వీలాన్లు, ఇవన్నీ పెట్టి నువ్వు హైదరాబాద్ వెళ్లిపోతావు. జీఎస్టీ రిటర్నుల గడువు రోజున నెట్ ఆగితే మా అకౌంటెంటు ఏం చేయాలి? మెష్ అయితే యాప్ చెబుతుంది ఏ యూనిట్ పడిపోయిందో. ఇంకోటి, ఇది మన సొంతిల్లు కాబట్టి నీ మాటలు సాగుతున్నాయి. ఆఫీసులు ఎక్కువగా అద్దెకొంపల్లోనే ఉంటాయి. మేకు కొడితేనే ఊరుకోని ఓనరు గోడ తొలవనిస్తాడా? నువ్వు చెప్పిన మంచి అందరికీ అందే మంచి కాదు."

బావమరిది ఈ మాటను తేలిగ్గా తీసుకోలేదు. యూబిక్విటీ యూనిఫై, టీపీ లింక్ ఒమాడా లాంటి ఆఫీసు సామాను శక్తి ఉన్నదే, కానీ చూసుకునే మనిషి లేకపోతే అందులో సగం సెట్టింగులు అలాగే పడి ఉంటాయని ఒప్పుకున్నాడు. తర్వాత తన వైపు మూడు సంగతులు చెప్పాడు.

మొదటిది, కేబుల్ అంటే గోడ తొలవడమే కానక్కర్లేదు. పీవీసీ కేసింగ్ పట్టీలు గోడ మూలల వెంట కొడితే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తీసేయొచ్చు. పాత ఇళ్లలో డాబా మీద నుంచి హాల్లోకి కేబుల్ టీవీ కోసం వేసిన పైపు ఉంటుంది, ఇప్పుడది ఖాళీయే. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం నెట్ కేబుల్ వేయకూడదు.

రెండోది కరెంటు. పీఓఈ పద్ధతిలో డేటా, కరెంటు రెండూ ఒకే కేబుల్లో వెళతాయి. 2003 నాటి ప్రమాణమే ఒక్కో పోర్టు నుంచి 15.4 వాట్లు, వంద మీటర్ల దాకా ఇస్తుంది. స్విచ్చినీ ఫైబర్ బాక్సునూ ఇన్వర్టర్ మీద పెడితే కరెంటు పోయినా ఇంటి నాలుగు మూలలా వైఫై ఉంటుంది. మెష్ యూనిట్లు మూడు గదుల్లో మూడు ప్లగ్గులకు వేలాడతాయి. ఆ మూడు ప్లగ్గులూ ఇన్వర్టర్ లైనులో ఉండాలి, లేదంటే ఒక్కోదానికి ఒక చిన్న యూపీఎస్ కొనాలి.

మూడోది కేబుల్ ఆయుష్షు. 2016లో కొన్న రూటర్ ఇవాళ పాతది. అప్పుడు లాగిన క్యాట్ 6 కేబుల్ ఇవాళా గిగాబిట్ మోస్తుంది, 55 మీటర్ల లోపైతే 10 గిగాబిట్ కూడా మోస్తుంది. రేపు వైఫై 8 వచ్చినా దాని చివర బాక్సు మార్చుకుంటే చాలు. అయితే కేబుల్ అసలు రాగిది కావాలి. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ చవగ్గా అంటగడతారు. పీఓఈ కరెంటు పంపితే అది వేడెక్కుతుంది, దూరం పెరిగితే తడబడుతుంది.

"కరెంటు లైన్ల మీదే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు ఉంటాయిగా?" అని ఆడిటర్‌గారు ఇంకో దారి వెతికారు. మూడు ఫేజుల కనెక్షన్‌లో కింది గది ఒక ఫేజు, పై గది ఒక ఫేజు మీద ఉంటే అవి నమ్మకంగా పనిచేయవని బావమరిది అన్నాడు. ఆ మాట అక్కడితో ఆగింది.

అంతసేపూ వింటున్న ఇల్లాలు అప్పుడు మాట్లాడారు. "మీ ఇద్దరూ వందలు, వేలు చెబుతున్నారు. పాఠం చెప్పడానికి నాకెంత కావాలి?"

వీడియో కాల్‌కు నాలుగు ఎంబీపీఎస్ అటూ ఇటూ సరిపోతుంది. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే సినిమాకే 15 చాలు. ఆవిడకు తక్కువైంది వేగం కాదు, నిలకడ. కింద ఆఫీసులో సాయంత్రం క్లౌడ్ బ్యాకప్ మొదలైతే అప్‌లోడ్ దారి నిండిపోతుంది, రూటర్‌లో డేటా వరస కడుతుంది, ఆవిడ గొంతు ఆ వరస చివర నిలబడుతుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. స్పీడ్ టెస్టులో 300 చూపించే ఇంట్లో కూడా ఇది జరుగుతుంది. బ్యాకప్ నడుస్తుండగా పింగ్ పెట్టి చూస్తే బయటపడుతుంది. వరసను సర్దే ఎస్‌క్యూఎం సౌకర్యం ఉన్న రూటర్ దీనికి మందు. లేదంటే బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చుకోవాలి, ఖర్చు కూడా ఉండదు.

కొలవడం ఎలాగో కూడా ఆవిడే అడిగించినట్టయింది. రూటర్ పక్కన నిలబడి చేసిన స్పీడ్ టెస్టు ఎందుకూ కొరగాదు. పనిచేసే కుర్చీలో కూర్చుని, తలుపు వేసి, సాయంత్రం రద్దీలో చూడాలి. ఫోనులో వైఫై ఎనలైజర్ యాప్ పెడితే సిగ్నల్ మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. మైనస్ 67 డీబీఎం, అంతకన్నా మెరుగ్గా ఉంటే వీడియో కాల్ నిలుస్తుంది. మైనస్ 80 దగ్గర ఏ కంపెనీ బాక్సైనా చేతులెత్తేస్తుంది. ఇంట్లోని రెండు కంప్యూటర్ల మధ్య వేగం కొలిచే ఐపర్ఫ్3 ప్రోగ్రాం నడిపితే, తప్పు వైఫైదో ఇంటర్నెట్ కంపెనీదో తేలిపోతుంది.

"రూటర్ పవర్ పెంచితే?" అన్నారు ఆడిటర్‌గారు.

"పెంచితే ఫోనుకు గీతలు పెరుగుతాయి. కానీ ఫోను తిరిగి పంపే సిగ్నల్ ఎంతో బలహీనం, అది మారదు. ఇంకో నష్టం ఉంది. ఐఫోను మైనస్ 70 దాటితేగానీ వేరే యాక్సెస్ పాయింట్ వెతకదు. కింది దాని పవర్ ఎక్కువ పెడితే పైకి వచ్చినా దాన్నే పట్టుకుని వేలాడుతుంది. యాక్సెస్ పాయింట్లు రెండున్న చోట పవర్ తగ్గించడమే పని."

చివరికి ఇద్దరూ తమ తమ పంతాల్లో కొంత వదులుకున్నారు. ఆడిటర్‌గారికి కావలసింది యాప్‌తో నడిచే సులువు. బావమరిదికి కావలసింది స్లాబును దాటే కేబుల్. చాలా మెష్ యూనిట్లకు వెనక లాన్ పోర్టులుంటాయి. వాటిని కేబుల్‌తో కలిపితే యూనిట్లు గాలిలో మాట్లాడుకోవు, వేగం తరగదు. యాప్ అలాగే ఉంటుంది. అందుకని మూడుకు బదులు రెండు యూనిట్ల వైఫై 6 మెష్ కొనాలనీ, పాత టీవీ పైపులోంచి పైకి ఒక రాగి క్యాట్ 6 కేబుల్ లాగాలనీ తేల్చుకున్నారు. ఆఫీసు డెస్క్‌టాపులు, ప్రింటర్, పైన టీవీ అన్నీ కేబుల్ మీదకు వెళతాయి. కదలని పరికరం కేబుల్ పట్టుకుంటే గాలి ఫోన్లకూ ల్యాప్‌టాపులకూ మిగులుతుంది. ఆఫీసుకు వచ్చే క్లయింట్లకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా ఉండాలన్నది ఇద్దరూ వాదన లేకుండా ఒప్పుకున్న ఒకే విషయం. వందల మంది పాన్ వివరాలున్న కంప్యూటర్లతో ఒకే నెట్‌వర్క్‌లో ఊరందరి ఫోన్లూ ఉండటం ఏ ఆడిటర్‌కూ తగదు.

ఈ తీర్పు అన్ని ఇళ్లకూ ఒకటే కాదు. రెండు పడగ్గదుల ఫ్లాటుకు మధ్యలో, ఎత్తు మీద పెట్టిన ఒక మంచి వైఫై 6 రూటర్ చాలు. చాలాసార్లు కొత్తది కొనేముందు ఉన్నదాన్ని టీవీ వెనక నుంచి తీసి హాలు మధ్యకు తెస్తేనే సగం బాధ పోతుంది. అద్దె ఆఫీసుకు, కేసింగ్ కూడా కుదరకపోతే, ట్రైబ్యాండ్ మెష్ న్యాయమైన ఎంపిక. స్లాబులు దాటవలసిన సొంతింటికి మాత్రం డబ్బులో మొదటి వాటా కేబుల్‌దే. మిగిలినదానితో ఎంత బాక్సు వస్తే అంత బాక్సు కొనుక్కోవచ్చు.

ఇల్లు కడుతున్నవాళ్లకు ఒక విన్నపం. స్లాబు పోయకముందే మీ మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కు చెప్పి, ఫైబర్ వచ్చే చోటి నుంచి ప్రతి అంతస్తు సీలింగ్ మధ్యకూ కరెంటు పైపులతో కలవని ఒక ఖాళీ పైపు వేయించండి. లోపల లాగుడు తీగ ఉంచమనండి. కాంక్రీటు పడ్డాక ఆ పని చేయించాలంటే డ్రిల్లు మిషనూ, దుమ్మూ, రెండింతల ఖర్చూ తప్పవు.